పెండింగ్ నిల్

గార్డు సలామీ తీసుకోవాలి, లాకప్ గది చూడాలి, జప్తు చేసిన సొత్తు దాచే మాల్‌ఖానాలో సీళ్లు సరిచూడాలి, తుపాకుల నంబర్లు చదివించాలి, ఆడవాళ్ల డెస్కు దగ్గర మంచినీళ్లున్నాయో లేదో చూడాలి, పిటిషన్ల రిజిస్టరు తిరగేయాలి, పచ్చ సిరాతో రిమార్కు రాయాలి, నాలుగింటికల్లా బయటపడాలి, మొయినాబాద్ దాటుతుండగానే ఇవన్నీ మనసులో వరుసగా పెట్టుకున్నాను, కారు చేవెళ్ల వైపు పోతున్నది, ఫాంహౌసుల గేట్లు, పూల నర్సరీలు, టమాటా గంపలేసుకుని ఆగిన ఆటో, ఈ రోడ్డు మీదే నేను తనిఖీ చేయాల్సిన పోలీసు స్టేషన్, దాని పేరు ఇక్కడ రాయను, రాస్తే తప్పంతా దానిదే అనుకుంటారు.

లోపల కొత్త రంగు వాసన, నేను పోయే ప్రతి స్టేషన్లోనూ ఇదే వాసన, ఏడాదికోసారి చెప్పి మరీ వచ్చే తనిఖీ కదా, మామూలు రోజుల్లో స్టేషన్ ఏ వాసన వేస్తుందో ఈ హోదాకొచ్చాక మరిచేపోయాను, ఎస్సై శశిధర్ కాళ్లు తాటించి నిలబడ్డాడు, అల్లం చాయ్ తెప్పియ్యాల్నా మేడం, వద్దు, రిజిస్టర్లు తెండి, రైటర్ స్వామిదాసు అట్టలేసిన రిజిస్టర్లు ఎత్తుకొచ్చాడు, ఈసారి కూడా పెండింగ్ నిల్ మేడం, పోయినసారి మీరు మెచ్చుకున్నరు గదా అన్నాడు శశిధర్, ఏం మెచ్చుకున్నానో గుర్తురాక పాత పేజీ తీశాను, నా పచ్చ అక్షరాలు, పెండింగ్ నిల్, అభినందనలు, కింద నా సంతకం, దాని పైనే చివరి పిటిషను, మూసిన తేదీ సరిగ్గా నేను రావడానికి ముందురోజు.

ఆ పిటిషను గుండ్రటి అక్షరాలతో ఉన్నది, మా ఊరు చిన్న మంగళారం నుండి నర్సరీ పనికి పోయి వస్తుంటే ఒక తెల్ల జీపు నా వెంట పడుతున్నది, దాని నంబరు కింద రాశాను, నడిపే అతణ్ణి పిలిచి మందలించగలరు, కింద ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం, ప్రేమజ్యోతి, డిగ్రీ రెండో సంవత్సరం, దాని వెనకే కుట్టిన ఇంకో కాగితం, ఇరుపక్షాలు రాజీపడినందున మూసివేయడమైనది, దాని కింద వేలిముద్ర, నేను ఆ వేలిముద్ర దగ్గరే ఆగిపోయాను, ఇంత చక్కగా సంతకం చేసే పిల్ల వేలిముద్ర ఎందుకు వేస్తుంది, పోయినేడు ఈ రెండు కాగితాలూ నా చేతిలోనే ఉన్నాయి, నిమిషం కూడా చూడలేదేమో, మా బాపు కుర్మయ్య గొర్లు కాసిన మనిషి, నిషానీ ఏసెటోని బొటనవేలు వానిది కాదు బిడ్డా, పట్టుకున్నోనిది, నువ్వు సంతకం నేర్సుకో అని నన్ను భుజాన కూర్చోబెట్టుకుని బడికి మోసినవాడు, ఆ బాపు కూతురినే నేను, మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, నాకే కనబడలేదు.

ఈ ప్రేమజ్యోతి ఇప్పుడేం చేస్తున్నది అని అడిగాను, శశిధర్ రిజిస్టర్ల అట్టలు సర్దసాగాడు, స్వామిదాసు రోడ్డు ప్రమాదాల ఫైలు తెచ్చి నా ముందు విప్పాడు, రాజీ అయిన పంతొమ్మిదో రోజు, బస్సు స్టాపు దగ్గర, గుర్తు తెలియని వాహనం ఢీకొని మృతి, నిందితుడు దొరకనందున మూసివేత, గుర్తు తెలియని వాహనమా, నంబరు మీ రిజిస్టర్లోనే ఉంది కదయ్యా, మేడం అది పిటిషన్ల రిజిస్టరు, ఇది ప్రమాదాలది, రెండు కలిపి ఎవరు చూస్తరు మేడం, నిజమే, ఎవరు చూస్తారు, కలిపి చూడమనే కదా నాకు జీతమిచ్చేది.

వాళ్లమ్మ బయటనే ఉన్నది మేడం, రోజు వస్తది, మీరొస్తున్నరని పొద్దుగాలనే గేటు అవతలికి పంపినం, స్వామిదాసు గొంతు తగ్గించి చెప్పాడు, పిలవమన్నాను, బీరమ్మ చెప్పులు బయటే విడిచి వచ్చింది, కుర్చీ చూపిస్తే గోడకానుకుని నిలబడింది, అవ్వా, ఈ నిషానీ నీదేనా, నాదే బిడ్డా, పొల్ల నర్సరీకి పోయినప్పుడు పిలిపిచ్చిన్రు, ఎందుకు వేశావవ్వా, నీకోసమే ఏసిన, నాకోసమా, అవు బిడ్డా, పెద్ద మేడం వస్తున్నది, ఒక్క కాగితం మిగిలినా ఈ సారు నౌకరికి దెబ్బ అన్నరు, పసిపిల్లలున్నోడు గదా, పోనీ తీయ్ అని ఏసిన, ఇంటికొచ్చినంక పొల్ల నన్ను తిట్టింది, నీకు సదువు రాకపోతే రాకపాయె, నన్నడగొద్దా అమ్మా అన్నది, గది ఒక్కమాటే బిడ్డా, ఇంకేం అన్లే, మా ఆయన మారయ్య గిప్పటికి నాతోని సరిగ్గ మాట్లాడడు.

శశిధర్ తల వంచుకున్నాడు, వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు, పోయినేడాది సమావేశంలో మైకు పట్టుకుని, నేను వచ్చేసరికి ఒక్క పిటిషనూ మిగలకూడదు అన్నది ఎవరు, చప్పట్లు కొట్టించుకున్నది ఎవరు, వీళ్లు గోడలకు రంగేసినట్టే ఆ పిల్ల కాగితానికీ రంగేశారు, రంగు వేయించింది నేను, కలం తెరిచాను, పోయినేటి నా రిమార్కు తప్పు, ఈ రెండు ఫైళ్లూ ఒకటే, కేసు తిరిగి తెరవాలి, దర్యాప్తు వేరేవాళ్లకు ఇవ్వాలి, నా మీదా విచారణ జరపాలి అని రాశాను, రాస్తుండగానే తెలుసు, జీపు ఎప్పుడో చేతులు మారి ఉంటుంది, కెమెరాల్లో ఆ రోజు ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది, ఈ కాగితం పైకి పోయి ఎవరి టేబుల్ మీదో పెండింగై, ఇంకో తనిఖీ ముందురోజు మూతపడుతుంది, గేటు దాకా వచ్చిన బీరమ్మ, ఏమన్న అయితదా బిడ్డా అంది, అయితది అవ్వా అనలేకపోయాను, రిజిస్టరు ఖాళీగా ఉన్నదంటే బాధ తీరిందని కాదు, నా కోసం ఎవరి నోరో మూయించారని, ఇన్నేళ్ల నౌకరీలో నాకు తెలిసింది ఇదొక్కటే, చదివినవాళ్లు మీరు, ఫైళ్లు మరిచిపోతాయి, మీరు మరవకండి, ఆ పిల్ల పేరు ప్రేమజ్యోతి, ఆమెకు సంతకం చేయడం వచ్చు.