ప్రేమమ్మ శ్రుతికి బటన్

ఈ ఆదివారమూ పాటకు శ్రుతి కలవకపోతే కీబోర్డు వాయించే పని ఇంకొకరికి అప్పగిస్తానని హుజూరాబాద్ పాస్టరుగారు తేల్చేశారు. అహరోనుకు తెల్ల మెట్ల మీద వాయించడమే వచ్చు. పాడే ప్రేమమ్మేమో చరణానికో మెట్టు పైకెక్కుతుంది. అందుకే కొత్త కీబోర్డు కొనడానికి ఆమెను కూడా కరీంనగర్ దుకాణానికి తీసుకొచ్చాడు.

“గిది ఆరువందల తాళాలు కొడతది,” అన్నాడు దుకాణదారు.

“శ్రుతి మార్చే బటన్ ఏది, అన్నా?”

“మెనూల ఉంటది.”

అహరోను మెనూ తెరిచేసరికి పాట ఎత్తుకున్న ప్రేమమ్మ మూడో చరణంలో ఉంది.

రెండో కీబోర్డుకు వంద తాళాలే, కానీ శ్రుతి బటన్ పైనే ఉంది. ఆమె ఎక్కినప్పుడల్లా నొక్కాడు. పాట అతికినట్టు కలిసింది.

“గిదే ఇయ్యి అన్నా!”

ప్రేమమ్మ మురిసిపోయింది. “సూశినవా, పెట్టె మంచిదైతే నా శ్రుతి ఎన్నడన్న తప్పిందా?”

“లేదత్తా,” అన్నాడు అహరోను, బటన్ మీద వేలు తియ్యకుండానే.