ఉతికిన ప్యాచ్

"నా నల్లగుడ్డ ఎవరు ఉతికారు?"

భూతద్దం మాస్టారు వంటింటి గుమ్మంలో నిలబడి, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు, తడిగుడ్డను రెండు వేళ్లతో ఎత్తి చూపించారు.

"ఎవరు ఉతుకుతారు, పక్కింటివాళ్లా?" కూరగాయలు తరుగుతున్న భార్య తలెత్తలేదు. "ఆరు నెలలైంది దానికి నీళ్లు తగిలి. ముట్టుకుంటే చేతికి జిడ్డు."

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను, నా బల్ల మీద వస్తువు తాకొద్దని. సబ్బుపొడి వేశావా?"

"వేయక, మంత్రం వేస్తారా?"

"అయిపోయింది. ఇక ఇది ఎందుకూ పనికిరాదు. ఆ పొడిలో తెలుపు మందు కలుపుతారు. అందులో మునిగితే ఎంత పాత గుడ్డయినా ఊదా లైటు కింద ధగధగా వెలుగుతుంది. దీని మీద ప్యాచ్‌లు పెట్టి నేనేం చూడను?"

వరండాలోంచి మాస్టారి తల్లి అందుకుంది. "ఉతికితే తప్పు, ఉతక్కపోతే తప్పు. నీ పెళ్లాం స్థానంలో నేనుంటే గుడ్డతోపాటు నిన్నూ నానబెట్టేదాన్నిరా."

మాస్టారు తన గదిలోకి పోయారు. ఆ మధ్య ఇలాంటి మాటలకు నవ్వేవారు. ఇప్పుడు దానికీ ఓపిక లేదు.

బళ్లో డ్రాయింగు చెప్పిన రోజుల నుంచీ ఆయనకు సైనికులు చొక్కా భుజాన కుట్టుకునే గుడ్డ ప్యాచ్‌ల పిచ్చి. రిటైరయ్యాక ఊళ్లో సేకరణదారుల సంఘంవాళ్లు అసలేదో నకిలీదేదో తేల్చే పని ఆయన నెత్తిన పెట్టి, 'భూతద్దం' అని పేరూ పెట్టారు. ఆయన చీటీ రాసిచ్చాక దానికి తిరుగులేదు. మొదట్లో నకిలీ దొరికితే వేటగాడిలా ఇల్లంతా తిరిగి చూపించేవారు. "చూశావా, టీ డికాషన్‌లో ముంచి పాతది చేశాడు! ఇసక్కాగితంతో రుద్దాడు!" అని మురిసిపోయేవారు. పోనుపోను వచ్చేవన్నీ నకిలీలే అయ్యాయి. ఇప్పుడు ప్యాచ్ బల్ల మీద పడగానే ఊదా టార్చి వెలిగిస్తారు. ఆ కాలపు నూలుదారం వెలగదు, ఈ కాలపు దారం వెలుగుతుంది. వెలిగితే 'నకిలీ' అని చీటీ, చీటీ వెనక డబ్బా. ఇల్లాలికి ఆ డబ్బాలు దులపడంతోనే సగం జన్మ గడిచిపోయింది.

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగింది. ఎంత పాత గుడ్డయినా వెలుగుతుందా?

కిందటి గురువారం వెనకవీధి నర్సమ్మ వచ్చింది. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. భర్త పోయి నాలుగేళ్లు. ఆయనతో పనిచేసిన పాత సైనికులు తమ హాల్లో ఆయన ఫొటో పెడతామన్నారు. ఫొటో కింద మంచుకొండల్లో ఆయన వేసుకున్న ప్యాచ్ కూడా ఉంచాలి, దానికి సంఘం చీటీ కావాలి. మాస్టారు ఆమెను కూర్చోమని కూడా అనలేదు. లైటు వేశారు, ప్యాచ్ తెల్లగా వెలిగింది, 'నకిలీ' అని రాశారు.

"అంటే మా ఆయన ఆ మంచుకొండల్లో పనిచెయ్యలేదంటారా?" అందామె. "ఇన్నేళ్లూ నాతో చెప్పిందంతా..."

"ఆయన సంగతి నాకు తెలియదమ్మా. ప్యాచ్ సంగతి చెప్పాను."

ఆమె దాన్ని తిరిగి తీసుకోలేదు. ఇల్లాలు తెచ్చిచ్చిన మంచినీళ్లూ తాగలేదు. గుమ్మం దిగుతూ, ఎవరితోనో కాదు, తనలో తనే అనుకుంది: "ఆయన పోయాక కూడా ఏడాదికోసారి ఆ ప్యాచ్ ఉన్న చొక్కా ఉతికి ఆరేసుకున్నాను. పిచ్చిదాన్ని."

ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి, ఇల్లాలు కత్తిపీట వదిలి చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ మాస్టారి గదిలోకి నడిచింది. నకిలీల డబ్బా మూత తీస్తే పైనే ఉంది, కొండ మీద పక్షి బొమ్మ.

"మళ్లీ నా వస్తువులు..."

"ఉండండి. దీన్ని వెనక్కి తిప్పి చూశారా?"

"ముందే వెలిగిపోయాక వెనకెందుకు?"

"దీన్ని కుట్టిన చొక్కాను ఆవిడ ఏటా ఉతికిందట. నల్లగుడ్డ కూడా వెలుగుతుందన్నారుగా ఇందాక. అదీ నకిలీయేనా?"

మాస్టారు టార్చి అందుకుని, వెలిగించకుండానే పక్కన పెట్టారు.

ఆమెకు సైన్యం తెలియదు. కుట్టు తెలుసు. ప్యాచ్‌ను కిటికీ దగ్గరకు తీసుకెళ్లింది. "ఇటు చూడండి. ముందువైపు పక్షి ఎరుపు వెలిసి ఇటుకపొడిలా అయింది. వెనకవైపు ఇంకా కుంకుమలా ఉంది. ఎండ తగిలింది ముందుకే. డికాషన్‌లో ముంచితే రెండు వైపులా ఒకేలా ఉండేది. ఇంకా చూడండి, అంచున సూది రంధ్రాలు రెండు వరసలు. ఒక చొక్కా చిరిగిపోతే విప్పి ఇంకోదానికి కుట్టారు. ఒకటి మిషను కుట్టు, ఒకటి చేతికుట్టు. అమ్ముకునేవాడు ఇంత శ్రమ పడతాడా?"

"ఈ మధ్య అదీ చేస్తున్నారు," అన్నారు మాస్టారు, కానీ ఆ మాటలో పస లేదు.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనే," వరండాలోంచి తల్లి గొంతు.

ఆయన భూతద్దం తీసుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. అంచులో, పాత కుట్టు మూలలో, చొక్కారంగు దారప్పోగు ఒకటి తెగి మిగిలిపోయి ఉంది. టార్చి వేశారు. పైన ప్యాచంతా వెలిగింది. సూదిమొనతో దారాలు విడదీసి, నీళ్లు సరిగా చేరని మడత లోపల చూశారు. అక్కడ చీకటిగానే ఉంది.

"ఆ రోజు అది పదహారోది," అన్నారు చివరికి. "కళ్లు మండుతున్నాయి. సబ్బు సంగతి నాకు తెలియక కాదు. అడగలేదు, అంతే. ఉతికారా అని ఒక్క మాట అడగలేదు."

ఆమె డబ్బా మూత పెట్టేసింది. అనాల్సింది ఆయనే అనేశారు.

"ఆ చీటీ సంఘానికి పంపేశాను. హాలువాళ్లకు కూడా చెప్పేసి ఉంటారు. ఇప్పుడు తప్పంటే, ఇదివరకు రాసినవన్నీ ఎవరు నమ్ముతారు?"

"మీ మాట సంగతి తర్వాత. అక్కడ ఆవిడ మొగుణ్ణి నమ్మడం మానేసి కూర్చుంది."

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. మాస్టారు కూర కలిపి, ముద్ద చేసి, నోట్లో పెట్టుకోకుండా పళ్లెంలోనే వదిలేశారు.

"ఉప్పెక్కువైందా?" అడిగింది భార్య.

"లేదు." ముద్దను పక్కకు జరిపి అన్నారు: "తినగానే నర్సమ్మగారింటికి వెళ్తున్నాను. ఆమె ముందే కొత్త చీటీ రాసిస్తాను, నాదే పొరపాటని. అక్కణ్ణించి సంఘానికీ, హాలుకీ."

"చెప్పులు తొడుక్కుని వెళ్లు, ఎండగా ఉంది," అంది తల్లి.

"ఇంకోటి. ఆ డబ్బాల్లో మూడొందల పైనే ఉన్నాయి. అన్నీ మళ్లీ చూడాలి, వెనకవైపు నుంచి. అది తేలేదాకా కొత్తవి తీసుకోను." భార్య వైపు చూశారు. "నువ్వు పక్కన కూర్చోవాలి."

ఆమె తన పళ్లెంలోకి చూసుకుంది. మూడొందలు. ఉతకాల్సిన దుప్పట్లు ఇంకా బకెట్లోనే ఉన్నాయి.

"రోజుకు పది," అంది. "పదకొండోది ముట్టుకోను. ముందు ఆ ముద్ద తినండి."