కింద పడేవాడి తల్లి

పెళ్ళి సంబంధాలు చూసే బాలనాగమ్మ గారు మొన్న మా ఇంటికొచ్చి, కాఫీ చప్పరిస్తూ, "అబ్బాయి ఏం చేస్తాడు వదినగారూ?" అని అడిగింది. కుస్తీ పడతాడని చెప్పాను.

"ఓహో! బాగా గెలుస్తాడా?"

"గెలవడండీ. ఓడిపోవడమే వాడి ఉద్యోగం."

ఆవిడ సగం కాఫీ వదిలేసి లేచింది. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

ఎవరికని చెప్పుకోను? మా ఫణికిరణ్‌ది మట్టిలో పట్టే కుస్తీ కాదు. చుట్టూ తాళ్ళు కట్టిన రింగు, లైట్లు, పాటలు, టికెట్లు. ఎవరు గెలవాలో వాళ్ళే ముందు అనుకుంటారు. వీడిది విలన్ వేషం. మొహానికి నల్లరంగు పూసుకుని, 'కాలకూట్' అని పేరు పెట్టుకుని, వచ్చిన జనాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, ఆఖరికి హీరో చేతిలో చితికి ఇంటికొస్తాడు. నారాయణగూడ కాలేజీలో బీకాం చదివించింది ఇందుకా? మొదట జిమ్ములో కోచ్‌గా చేరితే పోనీలే అనుకున్నాను. అక్కడెవరో నువ్వు బాగా పడతావురా అన్నారట. అంతే, ఊరూరా తిరిగి పడటం మొదలుపెట్టాడు. నాందేడ్‌లో పక్కటెముక విరిగింది. పూనాలో పన్ను ఊడింది. ఇంటికొచ్చి "ఏం కాలేదమ్మా" అంటాడు. వాడు ఏం కాలేదన్నాడంటే నేను అయోడెక్స్ వెతుక్కోవాలన్నమాట.

"అంతా ముందే అనుకున్నాక దెబ్బలెలా తగులుతాయే?" అంటారు మావారు సూర్యప్రకాశరావు గారు, పేపర్లోంచి తలెత్తకుండా. అనుకున్నంత మాత్రాన రింగులో పరిచిన చెక్క దూదవుతుందా?

పైగా ఈ ముందే అనుకోవడం సంగతి బయట చెప్పకూడదట, అది వాళ్ళ వృత్తి గుట్టు. చిక్కడపల్లి మార్కెట్లో బెండకాయలమ్మే బుగ్గమ్మ నన్ను చూడగానే కేకేస్తుంది. "ఏందమ్మా, నీ కొడుకు మల్ల ఓడిపోయిండట! మా మనవడు చెప్పిండు. జర మంచిగ తినిపియ్యరాదూ!" పెసరట్లు, గుడ్లు, పాలు వాడికి పోసి పోసి నా చేతులరిగిపోయాయని చెప్పలేక, నవ్వి బెండకాయలు ఏరుకుంటాను.

ఇదంతా ఒక ఎత్తు. కిందటి వారం భోజనాల దగ్గర వాడు చెప్పింది ఒక ఎత్తు. ఆదివారం సాయంత్రం లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఫంక్షన్ హాల్లో ఆట ఉందట. హీరో ఉదయ్ కుమార్. వీణ్ణి తలపైకెత్తి, అక్కణ్ణుంచి వెనక్కి పడేస్తాడట.

"ఎందుకురా?"

"జనానికి నచ్చుతుందమ్మా."

జనానికేం, పోయేది వాళ్ళ మెడ కాదు. ఆ మధ్య ఫోన్లో ఒక వీడియో చూశాను. ఏదో దేశంలో ఒకడు ఇలాగే మెడ మీద పడి మంచాన పడ్డాడు, వాళ్ళమ్మ చెంచాతో జావ పోస్తోంది. ఆ చెంచా నా చేతిలో ఉన్నట్టే అనిపించి ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

వీడికి చెప్పి లాభం లేదు. అందుకని మర్నాడే సున్నుండలు చుట్టి, డబ్బాలో పెట్టుకుని, ఆటోలో బర్కత్‌పుర వెళ్ళాను, ఉదయ్ వాళ్ళింటికి. తలుపు తీసిన మనిషి గుమ్మమంత ఉన్నాడు. ఆ చేతులు చూసేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. కానీ కుర్రాడు వినయం గలవాడు.

"మీరెందుకొచ్చిన్రు ఆంటీ? ఫోన్ చేస్తే నేనే వద్దును గద!" అంటూ కుర్చీ వేసి, సున్నుండ నోట్లో వేసుకున్నాడు. "అబ్బ, నెయ్యి మస్తుగ పోసిన్రు!"

"నాయనా, నాకు ఒక్కడే కొడుకు. ఆదివారం వాణ్ణి గట్టిగా పడెయ్యకు."

నవ్వాడు. "మాకు రోజూ ఇదే పని ఆంటీ. పైలంగనే చూస్కుంట."

"అలా కాదు. ఒట్టెయ్యి."

"ఒట్టెందుకు ఆంటీ..."

"మీ అమ్మ మీద ఒట్టెయ్యి. ఈ సంగతి వాడికి చెప్పనని కూడా."

పాపం, నోట్లో సున్నుండ ఉంది, చేతిలో ఇంకొకటి ఉంది. కాదనలేకపోయాడు. "సరే, మా అమ్మ మీద ఒట్టు. గట్టిగ పడెయ్య" అన్నాడు. నేను హాయిగా ఇంటికొచ్చి, చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం కునుకు తీశాను.

శనివారం ప్రాక్టీసు నుంచి ఫణి భుజానికి ఐస్ కట్టుకుని వచ్చాడు.

"ఏం కాలేదమ్మా."

"తెలుస్తూనే ఉంది. ఏమైంది?"

"ఉదయ్‌కి ఏమయ్యిందో అర్థం కావట్లేదు. బానే ఎత్తుతున్నాడు, వేసేటప్పుడు చెయ్యి వెనక్కి లాగుతున్నాడు. కొంచెంలో మెడ మీద పడేవాణ్ణి."

"మెల్లగా వేస్తే మంచిదేగా?" అన్నాను.

"నువ్వు అట్టు తిరగేసేటప్పుడు అట్లకాడ మధ్యలో ఆపితే ఏమవుతుంది?"

"ముడుచుకుపోతుంది."

"నేనూ అంతే. వాడు పూర్తిగా విసిరితే గాల్లో తిరిగి వీపు పరుచుకుని పడతాను. సగంలో ఆపితే తల కిందికొస్తుంది. అడిగితే ఏం లేదంటాడు, నా మొహం చూడడు. రేపు కూడా ఇలాగే చేస్తే..." అని ఆపేసి, "ఆకలేస్తోందమ్మా" అన్నాడు.

నేను చేజేతులా ఏం చేశానో అప్పుడర్థమైంది. వాడు పక్కగదిలోకి వెళ్ళాక మావారికి ఒట్టు సంగతంతా చెప్పాను. ఈసారి పేపరు దించారు.

"ఒట్టు వేయించుకున్నావా? వాడితోనా? రత్నమాలా, బడిపిల్లవా నువ్వు?"

"నన్ను తర్వాత తిడుదురుగాని. ఇప్పుడేం చెయ్యాలి?"

"ఫణికి చెప్పు."

"చెప్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. చెప్పినా లాభమేంటి? ఒట్టు వేయించుకున్నవాళ్ళే తియ్యాలి. తల్లి మీద వేశాడండీ, వీడు చెప్తే వదులుతాడా?"

ఉదయ్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆటకు ముందు వాళ్ళు ఫోన్లు ముట్టరట. ఆదివారం పొద్దున్నే బర్కత్‌పుర వెళితే తాళం. సరే, హాలుకే పోదామని టికెట్ కొనుక్కుని ముందుగా వెళ్ళాను. వెనక గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉదయ్‌తో ఒక్క మాట చెప్పాలి బాబూ."

"అందరు గదే అంటరమ్మా. సెల్ఫీ ఆట అయినంక. పోయి కూసోండ్రి."

వాళ్ళబ్బాయి మెడ కాదుగా, ఎంత సేపైనా ఆగుతాడు!

నా పక్క కుర్చీలో అనూహ్య అని ఒక అమ్మాయి కూర్చుంది. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతోందట. చదివి చదివి తల పగిలిపోతుంటే ఇలా వస్తుందట. "ఇయ్యాల ఆ కాలకూట్‌గాన్ని ఉదయన్న ఖతం చేస్తడు చూడుండ్రి ఆంటీ!" అని పాప్‌కార్న్ పెట్టింది. తీసుకున్నాను, ఏం చేస్తాను?

మావాడు వచ్చాడు. తిట్టాడు. హాలంతా వాణ్ణి తిట్టింది. ఉదయ్ వచ్చాక ఈలలు. కొట్టుకున్నారు, తాళ్ళ మీద పడ్డారు, నేను కళ్ళు మూస్తూ తెరుస్తూ కూర్చున్నాను. ఉన్నట్టుండి హాలు మొత్తం లేచి నిలబడింది. చూస్తే ఫణి ఉదయ్ తలపైన అడ్డంగా ఉన్నాడు.

ఉదయ్ వెయ్యడేం! నిలబడిపోయాడు. జనం "పడెయ్! పడెయ్!" అంటున్నారు. అంత జనంలో అతని కళ్ళు నా మీద పడ్డాయి. పడగానే ఆ మోచేతులు కొద్దిగా వంగాయి.

కుర్చీ ఎక్కాను. ఈ మోకాళ్ళతో ఎలా ఎక్కానో ఆ భగవంతుడికి తెలియాలి.

"ఉదయ్! ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను! వెయ్యి నాయనా! గట్టిగా వెయ్యి!"

విన్నాడు. మోచేతులు బిగిశాయి. నా బిడ్డ గాల్లో గుండ్రంగా తిరిగి, వీపు పరుచుకుని, చెక్క దద్దరిల్లేలా పడ్డాడు. ఆ చప్పుడు నా పళ్ళలో మోగింది. ఉదయ్ వాడి మీద చెయ్యి వేశాడు, గంట కొట్టారు, అయిపోయింది.

అనూహ్య నన్ను పట్టుకుని కిందికి దింపింది. "సూపర్ ఆంటీ! ఉదయన్న మీ కొడుకా?"

"కాదమ్మా. కింద పడ్డవాడు."

ఆ పిల్ల నోరు తెరిచింది. "మరి గట్టిగ వెయ్యమన్నరు గద! ఒట్టు అన్నరేంది?"

గుట్టు విప్పకూడదు కదా. "మాట వినడమ్మా. విసిగిపోయాను" అన్నాను. అదీ అబద్ధం కాదు.

రింగులో వాడింకా కదలలేదు. వేషమో నిజమో తల్లినైన నాకే తెలియకపోతే ఇదేం ఉద్యోగం? అప్పుడు చెయ్యి తాడు పట్టుకుంది. లేచాడు. జనం ఒక్కసారిగా "ఛీ! ఛీ!" అని గోల. నేను ఆగలేక ఆ గోలలోనే అరిచాను.

"మెడ తిప్పి చూపించరా వెధవా!"

వాడు మావైపు గుడ్లురిమి చూస్తూ, జనాన్ని బెదిరిస్తున్నట్టుగా, మెడ ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి మెల్లగా తిప్పాడు. అనూహ్య భయపడి నా చెయ్యి పట్టుకుంది. నేను కుర్చీలో కూలబడి, ఆ పిల్ల పాప్‌కార్న్ అంతా తినేశాను.