మూడో సీటు

విమానం సముద్రం మీదికి వెళ్ళొచ్చిన రోజున ఎడ్నాకు పని రెట్టింపయ్యేది. మూడో సీట్లో కట్టిన ఇసుక సంచులు ఉప్పునీళ్ళు కారుతూ తిరిగొచ్చేవి. ఆమె ఇసుకను రేకుల మీద ఆరబోసి, ఖాళీ సంచుల్ని కుట్టుషెడ్డు వెనక తీగ మీద వేసేది. విమానం నీళ్ళను తాకనైనా లేదు గదా అని ఇంగ్లండులో హంబర్ నది ఒడ్డున ఉన్న ఆ ఫ్యాక్టరీలో ఎవరూ అడగలేదు. తడి ఇసుక బరువెక్కువ తూగి లెక్కలు చెడగొడుతుందని మాత్రం ఫోర్‌మన్ హార్కర్ సణిగేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి నాలుగేళ్ళయింది. నీళ్ళ కింద నక్కిన జలాంతర్గాములను వెతకడానికి, ఓడ మీంచి ఎగిరే విమానం కావాలని నేవీవాళ్ళు అడిగితే రెండు సీట్లతో ఒక నమూనా తయారైంది. అంతా అయ్యాక రాడార్ చూసేవాడికి ఇంకో సీటు కావాలన్నారు. పెద్దవాళ్ళకు ఏదైనా వడ్డన అయ్యాకే గుర్తొస్తుంది. విమానం వీపు కోసి సీటు ఇరికించారు. పరీక్షలు పూర్తయ్యేదాకా అందులో మనిషిని కూర్చోబెట్టరు, మనిషంత బరువు ఇసుకను కూర్చోబెడతారు. ఆ సంచులు కుట్టేది ఎడ్నాయే.

ఆమె భర్త వాల్టర్ జలాంతర్గామిలో పనిచేసేవాడు. యుద్ధంలో వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. పోయాడని కాదు, ఆచూకీ తెలియదని తంతి వచ్చింది. ఆ ఒక్క మాట ఆమెను ఎటూ కాకుండా చేసింది. భర్త పోయినవాళ్ళు వేసుకునే నల్లబట్టలు వేసుకోలేదు, డాన్సు హాలు గడపా తొక్కలేదు.

"ఎన్నాళ్ళిలా? నన్ను చేసుకోకూడదూ?" అని హార్కర్ ఒకసారి టీ కప్పులోకి చూస్తూ అడిగాడు.

"రేపు ఆయన గుమ్మంలోకొచ్చి నిలబడితే? పొయ్యి పక్క కుర్చీకి మీరిద్దరూ వంతులేసుకుంటారా?" అంది ఎడ్నా. అతనంటే ఇష్టమే. అందుకే ఆ రాత్రి ఏడ్చింది.

శరత్కాలంలో కబురొచ్చింది. నేవీవాళ్ళు వేరే కంపెనీ విమానాన్ని ఎంచుకున్నారు. దీనికి ఇంకొక్కసారి ఎగరడమే మిగిలింది, ఆ తర్వాత ముక్కలు చేస్తారు. తీగ మీది సంచుల్ని తీస్తూ ఎడ్నా చప్పున ఆగిపోయింది. నేరుగా పైలట్ లామ్‌టన్ దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, సముద్రం మీదికెళ్ళినప్పుడల్లా ఆ సీటు తడుస్తోంది. పాపం ఎవరో ఎక్కాలని చూస్తున్నారు. మనమేమో సీటు నిండా ఇసుక పెట్టి పంపుతున్నాం."

లామ్‌టన్ గడ్డం గోక్కున్నాడు. "నిజమేనమ్మా. కానీ వెనక బరువు లేకపోతే ముక్కు కిందికి వాలుతుంది. ఈ నది బురద తినాలని నాకేం సరదా లేదు."

"వెళ్ళేటప్పుడు ఉండనీ. సముద్రం మీద వదిలెయ్. సంచుల మూతులకు జారుముడి వేసిస్తాను, తాడు లాగితే చాలు."

అతను తలుపు వైపు ఒకసారి చూసి, "హార్కర్‌కి చెప్పకు, చంపేస్తాడు," అన్నాడు.

హార్కర్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. ఎవరి కోసమో అతనికి తెలుసు. సంచులు తనే మోసుకెళ్ళి, విమానం అడుగునున్న సందు మీద మూతులు సరిగ్గా వచ్చేలా కట్టాడు.

సాయంత్రానికి విమానం దిగింది. లామ్‌టన్ కిందికి దూకి ఎడ్నా దగ్గరికొచ్చాడు. "ఇసుక జారగానే ముక్కు వాలిపోయింది. నా పని అయిపోయిందనుకున్నా. కాసేపటికి వెనక ఎవరో కూర్చున్నట్టు దానంతటదే సర్దుకుంది."

మూడో సీటు ఖాళీగా, తడిగా ఉంది. ఎడ్నా నిచ్చెనెక్కి సీటు అంచున చెయ్యి పెట్టింది.

"చాలా ఆలస్యం చేశావు, వాల్టర్," అంది. సీటు చల్లగా ఉంది. బతికున్నవాళ్ళెవరూ అంత చల్లగా ఉండరని ఆమెకు అర్థమైంది.

విమానాన్ని ముక్కలు చేసే ముందు హార్కర్ ఆ సీటును ఊడదీయించాడు. శవపేటికలో పెట్టి చర్చి వెనక పాతిపెట్టడానికి తీసుకెళ్ళారు. రేకు, గుడ్డ తప్ప ఏమీలేని ఆ పెట్టెను మోయడానికి ఆరుగురు పట్టారు. ముందు కొమ్ము హార్కర్ భుజం మీద ఉంది. దారి పొడుగునా ఒక్కసారి కూడా భుజం మార్చుకోలేదు.

మట్టి వేశాక హార్కర్ తప్ప మిగతావాళ్ళంతా వెళ్ళిపోయారు. కొత్త నల్లకోటులో ఎడ్నా నిలబడే ఉంది.

"హార్కర్, ఆ రోజు అడిగింది మళ్ళీ అడుగు."

అతను సమాధి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడా? ఆయన వింటాడేమో."

"విననీ," అంది ఎడ్నా.