ఆయన మొదలుపెట్టిన సంఖ్య

ఆయన పోయాక కూడా ఆయన గదిలో కంప్యూటర్ నడుస్తూనే ఉంది. దాని ఫ్యాను రొద తప్ప ఇంట్లో మరో చప్పుడు లేదు. పనిలో ఉన్నంతసేపు అది వినపడేది కాదు. ఒక్కదాన్నే అన్నం ముందు కూర్చుంటే మాత్రం వినపడేది.

ఆయన దానికి ఒక సంఖ్య అప్పగించి వెళ్ళారు. రెండును రెండుతో కోట్లసార్లు గుణించి, చివర ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య అది. మొత్తం రాస్తే మా వీధి పొడవునా పరిచినా కాగితం చాలదనేవారు. అది ప్రధాన సంఖ్య అవునా కాదా, అంటే ఒకటీ తనూ తప్ప దాన్ని శేషం లేకుండా భాగించేది ఇంకేదీ లేదా అన్నది తేల్చాలని ఆయన పట్టుదల.

"కూర ఉడికిందా అని మూత తీసి చూసినట్టు దీన్ని మధ్యలో చూడ్డానికి లేదే. ఆఖరి లెక్కలో సున్నా మిగిలితే ప్రధానం. ఇంకేం మిగిలినా కాదు" అనేవారు.

ఆఖరి లెక్క రాకముందే ఆయన గుండె ఆగిపోయింది.

మా మరిదికి ఫొటో స్టూడియో ఉంది. అతని కన్ను ఈ కంప్యూటర్ మీద పడింది.

"వదినా, కరెంటు తినడం తప్ప అదేం చేస్తోంది చెప్పు? నా కొట్లోది మూలుగుతోంది. దీన్ని నాకిచ్చెయ్యరాదూ?"

"లెక్క తేలాక పట్టుకుపో."

"తేలి ఎవర్ని ఉద్ధరించాలట?"

"మీ అన్నయ్యనే అడుగు" అనేశాను. అన్నాక ఇద్దరం తలలు దించుకున్నాం.

ఆ సంఖ్య ప్రధానమైతే, కనిపెట్టినవారిగా దాని పక్కన ఆయన పేరు రాస్తారు. అలా కావాలని రోజూ దేవుడికి మొక్కుకునేదాన్ని. ఒకనాడు చేతులు జోడించి ఉండగానే అనుమానం వచ్చింది. ఆ సంఖ్య సంగతి లోకం పుట్టకముందే తేలిపోయింది కదా, తెలియనిది మనకే కదా. ఇప్పుడు దేవుడు మాత్రం దాన్నెలా మారుస్తాడు? మార్చలేడనుకోవడం పాపమేమో. మార్చమనడం అంతకంటే పాపమేమో. అప్పటినుంచి, తేలేదాకా పెట్టె చెడిపోకుండా చూడు స్వామీ, అని మాత్రమే అడిగాను.

ఒక మధ్యాహ్నం మరిది ఉండగానే తెర మీద రాత మారింది. అతనే వంగి చదివాడు.

"సున్నా కాదు వదినా. ప్రధానం కాదట."

"అయితే దాన్ని భాగించేది ఉందన్నమాట. ఏదది?"

"అది చెప్పదు. ఉందని మాత్రం చెబుతుంది."

"కనిపించకుండానే ఉందని ఎలా అంటుంది?"

"రోజూ కళ్ళు మూసుకుని నువ్వనేది అదేగా!"

నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక అదే మొదటిసారి.

ఈలోగా అది తనంతట తనే ఇంకో సంఖ్య అందుకుంది. "ఉంచనా?" అన్నాడు మరిది. అది ఆయన ఎంచుకున్నది కాదు.

"ఆపెయ్యి" అన్నాను.

ఫ్యాను మెల్లగా తిరిగి ఆగింది. అతను పెట్టెను చంకన పెట్టుకుని వెళ్ళాక తలుపు వేసి, ఆయన గది గుమ్మంలో నిలబడ్డాను. ఆయన ఇప్పుడున్న చోట ఈ సంగతి ముందే తెలిసిపోయి ఉంటుంది. అయినా నా నోటితో చెప్పాలనిపించింది.

"కాదటండీ" అన్నాను.