పాప మీద ఒట్టు

గోల్ వెనక, వలకి ఆనుకుని కూర్చుని పత్రికకి ఫోటోలు తీసేవాణ్ణి. మా ఊరి జట్టు తెకొమాన్ ఓడిన ఆటలన్నీ అక్కణ్ణుంచే చూశాను కాబట్టి ఓపిక గురించి నాకెవరూ పాఠాలు చెప్పక్కర్లేదు.

ఆ రోజు సీజన్‌లో ఆఖరి ఆట. గెలిస్తే మేం మొదటి డివిజన్‌కి వెళ్తాం. డ్రా అయితే ఎదుటి జట్టు, రేవు పట్టణం వాళ్ళు, వెళ్తారు. ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నాం. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా మా డిఫెండర్ ఒకడు, బుద్ధి గడ్డి తిని, కాలు అడ్డం పెట్టి వాళ్ళకి పెనాల్టీ ఇచ్చాడు.

మా గోలీ సిప్రియానోకి ముప్పై ఏడేళ్ళు. ఆయన ఆటంతా రెండో డివిజన్‌లోనే గడిచిపోయింది. పైకి వెళ్తే ఇంకో ఏడాది ఉంచుకుంటాం, లేకపోతే ఇంటికే అని జట్టు యజమాని మొహం మీదే చెప్పేశాడు.

పెనాల్టీ కొట్టడానికి నబోర్ వచ్చాడు. నబోర్ ఇదివరకు మా జట్టువాడే. సిప్రియానో కూతురు యారెలిని బాప్తిస్మానికి ఎత్తుకున్న జ్ఞానతండ్రి. అంటే ఇద్దరూ కొంపాద్రేలు. మా వైపు ఆ బంధం అన్నదమ్ముల కంటే గట్టిది. నిన్నటిదాకా ఒరేయ్ అనుకున్నవాళ్ళు కూడా ఆ రోజు నుంచి ‘మీరు’ అనుకుంటారు.

బంతి సిప్రియానో చేతిలో ఉంది. తీసుకోవడానికి నబోర్ గోల్ దాకా వచ్చాడు.

“ఏం కొంపాద్రే, పాప బాగుందా?”

“అదిగో, వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. మీరు బయటికి కొడితే చప్పట్లు కొడుతుంది.”

నబోర్ నవ్వలేదు. గొంతు తగ్గించాడు. “నాకింకా రెండేళ్ళ ఒప్పందం ఉంది. మీకు ఇదే ఆఖరు. మీ కుడి పక్కకి కొడతా.”

“పోండి. ఈ కబుర్లు కుర్ర గోలీలకి చెప్పండి.”

“యారెలి మీద ఒట్టు.”

సిప్రియానో మొహం పాలిపోయింది. బంతిని అతని గుండెల మీదకి తోసి, “నాకెవరూ ముష్టి వెయ్యక్కర్లేదు,” అన్నాడు.

నబోర్ బంతి పెట్టడానికి వెళ్ళాడు. నేను ఉండబట్టలేక వలకి మొహం ఆనించాను.

“పెద్దాయనా, బిడ్డ మీద ఒట్టేశాడు. కుడికే దూకు.”

“నోర్మూసుకుని ఫోటోలు తీసుకో. గోల్ కావలసినవాడు ఎవరి మీదైనా ఒట్టేస్తాడు.”

ఈల మోగింది. నబోర్ పరుగెత్తుకొచ్చాడు. సిప్రియానో ఎడమకి దూకాడు. బంతి కుడికి వచ్చింది. వేగం లేదు, ఎత్తు లేదు, పడుకునైనా పట్టుకోవచ్చు. గీత దాటి వచ్చి నా మోకాళ్ళ ముందు వలలో ఆగింది.

రేవు వాళ్ళంతా సంబరంగా నబోర్ మీద పడ్డారు. అతను వాళ్ళని విదిలించుకుని గోల్ దగ్గరికి వచ్చి, గడ్డిలో బోర్లా పడి ఉన్న సిప్రియానో పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“పాప మీద దొంగ ఒట్టేస్తాననుకున్నారా, కొంపాద్రే?”

సిప్రియానో ఆట అక్కడితో సరి. దానికి నాకు ఏడుపొచ్చింది గానీ, ఆయనకి రాలేదు.

కొన్నేళ్ళకి, ఆడపిల్లకి పదిహేనేళ్ళు నిండితే మా వైపు ఘనంగా చేసే వేడుక యారెలికి చేసినప్పుడు, తండ్రి తర్వాత పిల్ల చెయ్యి పట్టుకుని నాట్యమాడవలసిన జ్ఞానతండ్రి లేడు. పిలవడానికి సిప్రియానో రేవు దాకా వెళ్ళి, నబోర్ తలుపు తట్టకుండానే తిరిగొచ్చాడు.

“ఏ మొహం పెట్టుకుని పిలవమంటావు?” అన్నాడు నాతో.