జొన్న గోడలు

మా ఆయన ఆదాంకి దేనికీ వేళ తెలిసేది కాదు. మిరప పండి మొదటి కోతకు వచ్చిన వారంలోనే విషజ్వరంతో పోయాడు. అది యాభై ఎనిమిదో సంవత్సరం, జనవరి నెల.

మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు పరాయి మగాళ్ల కంటపడకుండా ఆయన ఇంట్లోనే కూర్చోవాలి. దాన్ని ఇద్దత్ అంటారు. మిరపకాయ మాత్రం అన్నాళ్లు కూర్చోదు. పండిన కాయ చెట్టునే ఉంటే తెల్లబడి తాలైపోతుంది. కోయడానికి ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్త మాబూబీ. అత్తకు చూపు ఆనదు. పండుకాయో పచ్చికాయో చేత్తో తడిమి చెప్పేది. ఎక్కువసార్లు తప్పే చెప్పేది.

మాకు పొలం కౌలుకిచ్చిన పేరయ్యగారు మూడో రోజు పరామర్శకు వచ్చారు. ఆదాం మంచివాడన్నారు. పంట చేలోనే పాడైతే వచ్చే ఏడు పొలం వేరేవాళ్లకు ఇస్తానన్నారు. రెండూ ఒకే గొంతుతో అన్నారు. ఆ ఎకరన్నర పోతే మాకు ఇంక తిండి లేదు.

ఐదో రోజు పొద్దున్నే అత్త వంటగిన్నెలు, చాప, నీళ్లకుండ సర్దింది.

"ఎక్కడికత్తా?" అన్నాను.

"ఇంటికి" అంది. నన్ను వెంటబెట్టుకుని తిన్నగా చేలోని కావలి గుడిసెకు తీసుకెళ్లింది.

మధ్యాహ్నానికల్లా మసీదు పెద్ద ఇమాం హుస్సేన్ వచ్చి గట్టు అవతల నిలబడ్డాడు. ఎండబోసిన కాయల ఘాటుకు రెండుసార్లు తుమ్మాడు.

"ఇదేం పని మాబూబీ? కోడల్ని ఇల్లు కదిలించావంట!"

"ఎక్కడ కదిలించాను సాయిబుగారూ? నా కొడుకు దసరా నుంచీ ఈ గుడిసెలోనే పడుకున్నాడు. ఊళ్లో ఇంటికి అన్నానికి వచ్చేవాడు, అంతే. కావాలంటే దీన్ని అడగండి."

నన్నెవరూ అడగలేదు. అడిగితే నిజమే చెప్పేదాన్ని, కాస్త కోపంగా.

"మరి గోడలేవి?"

"నా కోడలు మీకు కనపడుతోందా?"

చేను చుట్టూ నిలువెత్తు జొన్న ఉంది. ఆయన తొంగి చూడబోయి, మర్యాద కాదని మానుకున్నాడు. కనపడటం లేదన్నాడు.

"మరింక గోడలెందుకు?"

ఆయన మూడోసారి తుమ్మి, వంట కూడా ఇక్కడేనా అని అడిగాడు. ఇక్కడేనంది అత్త. అయితే ఇల్లే అని వెళ్లిపోయాడు. మర్నాడు ఆయన భార్య ఖుర్షిదా మరో ఇద్దరితో పలకరింపుకు వచ్చింది. ముగ్గురూ కలిసి మూడు గోతాల కాయ కోసి వెళ్లారు.

జొన్న కంకులు విరుచుకున్నాం గానీ దంట్లు కొట్టలేదు. ఎండాకాలమంతా అవే మా గోడలు. కోతలన్నీ అయ్యాక, నా గడువు తీరిన రోజున పేరయ్యగారు వచ్చి, వచ్చే ఏడూ మీరే చేసుకోండని గట్టు మీది నుంచే చెప్పి వెళ్లారు. నాకు నవ్వొచ్చింది.

"నీ ఇద్దత్ ఎక్కడ కూర్చున్నావత్తా?" అన్నాను.

"ఊళ్లో, గదిలో. అప్పుడు ఆదాం చంకలో పిల్లాడు. కాయ తెల్లబడుతోందని వచ్చినోళ్లందరూ చెప్పేవాళ్లు. వింటా కూర్చున్నా. ఒక్క కాయా ఇంటికి రాలేదు. అప్పులకి మన పొలం అమ్మితే పేరయ్య నాన్న కొనుక్కున్నాడు."

"ఏ పొలం?"

"ఇదే."

ఆదాం పోయినప్పుడు కూడా నేను అంతగా ఏడవలేదు. ఏడ్చింది చాలు, గోతం మూతి పట్టుకోమంది అత్త. పట్టుకున్నాను.